ఇంట్లో కాచే బ్రౌన్ ఏల్ – పాళ్లు కుదుర్చుకొనే పద్ధతి

(మన విశ్రాంత ఉద్యోగుల సంఘ సర్వసభ్య సమావేశంలో, చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఎంచుకున్న విషయం విని కొందరు నవ్వారు, కొందరు ముఖం చిట్లించారు. పెన్షను గురించి, మందుల ఖర్చుల గురించి మాట్లాడుకోవలసిన చోట బీరు గొడవేమిటని అడిగారు. కారణం చెబుతాను. మనలో చాలామంది పిల్లలు ఇంగ్లండులోను, అమెరికాలోను స్థిరపడ్డారు. మనం వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వస్తుంటాం. అక్కడ అబ్బాయో, అల్లుడో ఆదివారం పూట గ్యారేజీలో పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి బార్లీ కాస్తుంటే, "వీడు సారా కాస్తున్నాడు" అని లోలోపల కుమిలిపోయి, మాటలు తగ్గించుకొన్న తండ్రులు నాకు తెలుసు. అసలు సంగతి తెలిస్తే ఆ దూరం కొంతైనా తగ్గుతుందని నా ఆశ.

ముందుగా చట్టం సంగతి. ఇంగ్లండులో సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడానికి 1963 దాకా లైసెన్సు ఉండాలి. ఆ సంవత్సరం బడ్జెట్లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దానిని ఎత్తివేశారు. అమెరికాలో 1978లో ప్రెసిడెంటు కార్టర్ సంతకం చేసిన చట్టంతో అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు పరిమితి. అమ్మకం మాత్రం కూడదు. మన ఆంధ్రప్రదేశ్‌లో గాని, తెలంగాణలో గాని 1968 ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కనుక ఇది ఇక్కడ చేసి చూడవలసిన పని కాదు. 1992లో నెల్లూరు జిల్లా ఆడపడుచులు సారాపై చేసిన పోరాటాన్ని కళ్లారా చూసిన తరం మనది. తాగుడును పొగడటానికి నేను ఇక్కడ నిలబడలేదు.

ఇక విషయంలోకి వస్తాను. బ్రౌన్ ఏల్ అంటే గోధుమరంగు ఇంగ్లీషు బీరు. 1927లో వచ్చిన న్యూకాజిల్ బ్రౌన్ ఏల్ వీటిలో ప్రసిద్ధమైనది. వేయించిన గింజల వాసన, కొద్దిపాటి తీపి, మితమైన చేదు దీని లక్షణాలు. సరుకులు నాలుగే: బార్లీ మాల్ట్, హాప్స్ అనే తీగ పువ్వులు, ఈస్ట్, నీళ్లు. మాల్ట్ అంటే మన ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు. రాగులు నానబోసి, మొలకెత్తించి, ఆరబెట్టినట్టే బార్లీనీ చేస్తారు. మొలకలో పుట్టిన ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును ఇస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు దుకాణంలో కనిపించిన ప్రతి మాల్టూ గుప్పెడేసి కలుపుతారు. పది రకాల పొడులు వేసిన కూరకు ఏ రుచీ ఉండదు కదా! పద్ధతి ఏమిటంటే, గ్లాసులో ఏమి కావాలో ముందు నిర్ణయించుకొని వెనక్కి లెక్క వేసుకోవాలి.

మనకు 19 లీటర్లు కావాలి. మొదటి సాంద్రత 1.046 ఉండాలి. మన ఫ్యాక్టరీ భాషలో ఇది సుమారు పదకొండున్నర బ్రిక్స్. ఆ 46ను 19తో హెచ్చిస్తే 874. ఒక కిలో మంచి మాల్టులోని సారమంతా ఒక లీటరులోకి దిగితే సుమారు 300 పాయింట్లు వస్తాయి. ఇంటి సామానుతో అందులో నూటికి 75 వంతులు దిగితే 225. 874ను 225తో భాగిస్తే దాదాపు 3.9 కిలోలు. చెరకు రసంలో రికవరీ లెక్కకట్టిన మనకు ఇదేమంత కష్టం?

ఈ 3.9 కిలోలను ఇలా పంచుకోవాలి. లేత రంగు మాల్ట్ 3.4 కిలోలు: చక్కెరకు ఆధారం ఇదే. క్రిస్టల్ మాల్ట్ 350 గ్రాములు: పాకం లాంటి తీపికి. చాక్లెట్ మాల్ట్ 150 గ్రాములు: రంగుకు, వేపుడు వాసనకు. ఇందులో చాక్లెట్ ఏమీ ఉండదు, బాగా మాడబెట్టిన బార్లీ అంతే. దీనిని రెట్టింపు చేస్తే బీరు మాడు రుచికి దిగుతుంది.

చేదుకు ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ అనే హాప్స్ 40 గ్రాములు. అందులో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం 5 శాతం ఉంటే, గంటసేపు మరిగినప్పుడు దానిలో దాదాపు నాలుగో వంతు దిగుతుంది. లెక్కకు సుమారు 25 చేదు యూనిట్లు. సాంద్రత 46కు చేదు 25, అంటే సగానికి కాస్త ఎక్కువ. ఈ బీరుకు అది సరిపోతుంది.

పని క్రమం ఇది. గింజను పిండి చేయక పగలగొట్టాలి. పొట్టు నిలిస్తేనే వడకట్టుకు పనికివస్తుంది. 74 డిగ్రీల నీళ్లు పదిన్నర లీటర్లు పోస్తే మిశ్రమం 67 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అలా గంటసేపు ఉంచాలి. 65 అయితే బీరు పలచగా, తీపి తక్కువగా వస్తుంది. 69 అయితే చిక్కగా, తీయగా వస్తుంది. వడకట్టి, 76 డిగ్రీల నీళ్లు సుమారు 16 లీటర్లతో గింజను కడిగి, వచ్చిన రసాన్ని హాప్స్‌తో గంటసేపు మరిగించాలి. త్వరగా 20 డిగ్రీలకు చల్లార్చి, ఇంగ్లీషు ఏల్ ఈస్ట్ ఒక ప్యాకెట్టు వేయాలి. మరుగు ఆగిన తరువాత తగిలే ప్రతి పాత్రా క్రిమిరహితంగా ఉండాలి. చాలా బీర్లు చెడేది ఇక్కడే. 18–20 డిగ్రీల వద్ద వారం పది రోజుల్లో సాంద్రత 1.012కు దిగుతుంది. ఆల్కహాలు నాలుగున్నర శాతానికి దగ్గర.

రెండు ప్రమాదాలు చెప్పి తీరాలి. మొదటిది సీసాలు పేలడం. హైడ్రోమీటరు వరుసగా మూడు రోజులు ఒకే అంకె చూపేదాకా సీసాల్లో పోయరాదు. నురుగు కోసం 19 లీటర్లకు 85 గ్రాముల పంచదార చాలు. రెండవది బట్టీ పెట్టి ఆవిరి దించడం. బీరు పులియబెట్టడం వేరు, సారా దించడం వేరు. ఇంగ్లండులో లైసెన్సు లేకుండా అది నేరం. కల్తీసారా చావులకు సాధారణ కారణం అందులో కలిపే మిథైల్ ఆల్కహాలు. ధాన్యం పులిసినప్పుడు అది లెక్కలోకి రానంత స్వల్పంగానే ఉంటుంది. అబ్బాయి గిన్నె చూసి భయపడే తల్లులు ఈ తేడా గ్రహించాలి.

షుగరుకు, రక్తపోటుకు మందులు వాడే మనబోటివారు రుచి చూడటానికి ముందు డాక్టరును అడగడం మంచిది. ఒక్క చుక్క తాగకుండానే ఇందులో పాలుపంచుకోవచ్చు. సాంద్రత చూడటం, ఉష్ణోగ్రత రాయడం, పుస్తకం నిర్వహించడం మన చేతికి అలవాటైన పనులే. ఒక్కో విడతకు ఒక్క మార్పే చేయాలని, చేసినది రాసిపెట్టుకోవాలని పిల్లలకు నేర్పవలసింది మనమే. ఈసారి వెళ్లినప్పుడు గ్యారేజీ తలుపు దగ్గర నిలబడి ముఖం తిప్పుకోకండి. "నాయనా, సాంద్రత ఎంత వచ్చింది?" అని అడగండి. వాడు తప్పక కుర్చీ వేస్తాడు.