ఆడపిల్ల వాటా: ఎక్కడ వెతకాలి?

పెళ్లయిన ఆడపిల్లకు హిందూ ఉమ్మడి ఆస్తిలో వాటా ఉందా? రచ్చబండ దగ్గర నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు. ముల్లా హిందూ లా లాంటి వ్యాఖ్యాన గ్రంథం తిరగేస్తే ఏ సెక్షన్ చూడాలో తెలుస్తుంది. అక్కడే ఆగిపోకండి, పాత ముద్రణైతే మరీనూ. ఎందుకంటే చట్టం మారుతూ వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ 1985లోనే కూతుళ్లకు ఈ హక్కిచ్చింది. అప్పటికే పెళ్లయినవారిని మాత్రం వదిలేసింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 6వ సెక్షన్‌కు 2005లో వచ్చిన సవరణ ఆ తేడా చెరిపేసింది. సవరణ నాటికి తండ్రి బతికుండాలా? అక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం పూర్తి పాఠం ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితం. సెక్షన్ చివరి 'వివరణ' వదలకండి. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన ఏ పంపకం చెల్లుతుందన్న తిరకాసంతా అక్కడే ఉంది.