కలిసి చదవడమంటే ఎట్లా కూర్చోవడం?



మన మార్కాపురంలో పదో తరగతి పిల్లలకు రాత్రి చదువు మొదలుపెట్టినప్పుడు, ఆరుగురేసి పిల్లల్ని చాపల మీద కూర్చోబెట్టి, కలిసి చదువుకోండి అని చెప్పి మేము టీ తాగను పోయినాము. తిరిగి వచ్చి చూస్తే ప్రతి చాప మీదా ఒక్కరే లెక్క చేస్తున్నారు, మిగతా అయిదుగురు చూసి రాసుకుంటున్నారు. తప్పు పిల్లలది కాదు. కూర్చోబెట్టడం మాకే తెలియలేదు.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతి మన అరుగుబడులదే. 1789లో మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమానికి వచ్చిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ, మన పిల్లలు ఇసుకలో వేలితో దిద్దడం చూసి ఆ పద్ధతే తన బడిలో పెట్టి, 1797లో లండనులో పుస్తకం వేసినాడు. (పలకల ఊరివాళ్ళం, ఇసుక మాట ఒప్పుకోవాలంటే మనకు కాస్త కష్టమే!) ఖర్చు తక్కువే గాని, అందులో చెప్పేవాడే బాగా నేర్చుకుంటాడు.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వారి పల్లెబడుల్లో తరగతిని బట్టి గాక, ఆ పూట చేసే పనిని బట్టి గుంపులు. పంతులు దగ్గర కొందరు, తోటివాళ్ళ సాయంతో కొందరు, సొంతంగా కొందరు. పని మారితే గుంపు మారుతుంది. మొద్దు అన్న పేరు ఎవరికీ అంటుకోదు. దానికి కావలసిన కార్డులన్నీ తయారు చేసే ఓపిక మాకు లేకపోయింది.

మాకు పనికొచ్చింది 1971లో అమెరికాలో ఆస్టిన్ నగరంలో ఆరన్‌సన్ అనే ఆచార్యుడు మొదలుపెట్టిన పద్ధతి. తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లలు కొత్తగా ఒకే బడిలో చేరి కొట్లాడుకుంటున్న రోజులవి. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు. ఒకే ముక్క వచ్చినవాళ్ళు ముందు ఒకచోట చేరి దాన్ని అర్థం చేసుకుంటారు. తర్వాత ఎవరి గుంపుకు వాళ్ళు పోయి చెబుతారు.

నీటివనరుల పాఠంలో గుండ్లకమ్మ, కంభం చెరువు ముక్క ఒక అమ్మాయికి వచ్చింది. ఇంట్లో ఉర్దూ, తెలుగులో నోరు విప్పేది కాదు. రెండు భాషలూ కలిపి చెబుతుంటే మగపిల్లలు నవ్వబోయి ఆగినారు. ఆ ముక్క వాళ్ళ దగ్గర లేదు మరి! మర్నాడు పరీక్ష.

లెక్కలకు ఇది కుదరలేదు. అక్కడ జతలుగా కూర్చోబెట్టి, ఒకరు చెబితే ఒకరు రాసేటట్టు, లెక్క లెక్కకూ మార్చుతున్నాము.

తల్లులకు ఒక్క మనవి. పెళ్ళి ఉందనో, చుట్టాలొచ్చారనో ఆడపిల్లను ఇంట్లో ఆపితే, ఆమె ముక్క లేక ఆ గుంపు పాఠమంతా ఆగుతుంది. ముందురోజే కబురు చేయండమ్మా, ఆ ముక్క ఇంకొకరికి ఇస్తాము.