ఇంటిపన్ను తగ్గితే ఆ లోటు ఎవరు పూడుస్తారు?



పట్టణంలో సొంత ఇల్లు ఉన్నవారు ఏటా ఇంటిపన్ను కడతారు. ఆ డబ్బు మునిసిపాలిటీకి పోతుంది. వీధి దీపాలకు, మురుగు కాలువలకు, చెత్త ఎత్తడానికి ఆ డబ్బు కావాలి.

2020లో కరోనా వచ్చింది. లాక్‌డౌన్ పెట్టారు. కూలిపనులు ఆగిపోయాయి. అక్టోబరులో హైదరాబాదును వరద ముంచింది. జనం చేతిలో పైసా లేదు. ఆ దీపావళికి తెలంగాణ ప్రభుత్వం ఇంటిపన్ను సగానికి తగ్గించింది. 2020-21 సంవత్సరానికే ఈ తగ్గింపు. హైదరాబాదులో 15,000 రూపాయల వరకు, మిగతా పట్టణాల్లో 10,000 రూపాయల వరకు పన్ను ఉన్న ఇళ్లకు ఇది వర్తించింది.

లెక్క చూడండి. పన్ను 2,000 రూపాయలు ఉంటే 1,000 కడితే చాలు. మిగతా 1,000 ఇంట్లోనే ఉంటుంది. బియ్యానికో, పిల్లల పుస్తకాలకో పనికొస్తుంది. మంచిదే కదా!

మరి మునిసిపాలిటీకి తగ్గిన 1,000 ఎక్కడినుంచి వస్తుంది? పన్ను సగమైందని చెత్త సగం కాదు. చెత్త బండికి డీజిలు పోయాలి. ఊడ్చేవాళ్లకు జీతం ఇవ్వాలి. ఆ లోటు రాష్ట్ర ఖజానా పూడ్చాలి. లేకపోతే దీపం వెలగదు. కాలువ పొంగుతుంది.

ఖజానాలో డబ్బు ఎవరిది? సబ్బు కొంటే అందులో పన్ను ఉంటుంది. పెట్రోలులో ఉంటుంది. స్థలం రిజిస్ట్రేషనుకూ రుసుము కట్టాలి. అదంతా జనం డబ్బే.

అద్దె ఇంట్లో ఉండే ఆమె కూడా సబ్బు కొంటుంది. ఆమె డబ్బూ ఖజానాలో చేరుతుంది. కాని ఇంటిపన్ను తగ్గితే లాభం ఇంటి ఓనరుకే. ఓనరు అద్దె తగ్గిస్తేనే ఆమెకు నాలుగు రూపాయలు మిగులుతాయి.

అయితే తగ్గింపు వద్దంటామా? కాదు. కష్టకాలంలో అది ఆసరా. కాని ఆ ఆసరా ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని అడగాలి. అడగాలంటే లెక్క తెలియాలి.

ఇప్పుడు మీకు చదువు వచ్చింది. పన్ను రశీదు ఇంకొకరి చేత చదివించుకోవద్దు. అసలు పన్ను ఎంత? తగ్గించింది ఎంత? పాత బాకీ ఉందా? కట్టింది ఎంత? ఈ నాలుగూ మీరే చూసుకోండి. రశీదు పారెయ్యకండి, దాచుకోండి.

మళ్లీ ఎప్పుడైనా పన్ను తగ్గిస్తామంటే సంతోషించండి. నలుగురు ఆడవాళ్లు కలిసి వార్డు కౌన్సిలరును ఒక మాట అడగండి. "తగ్గిన డబ్బు మన మునిసిపాలిటీకి ప్రభుత్వం ఇచ్చిందా? అద్దెకున్నవాళ్లకు ఏం చేస్తారు?"

అడిగితేనే జవాబు వస్తుంది. అడగడం తప్పు కాదు. అది మీ హక్కు.