నారాలో ఒక రోజు

710లో జపాన్ రాజధాని అయిన నగరం నారా. క్యోటో నుంచి రైల్లో సుమారు ముప్పావు గంట. పొద్దున్నే బయల్దేరితే తీరిగ్గా చూసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు.

కింతెత్సు నారా స్టేషన్‌కు నడకదూరంలో విశాలమైన ఉద్యానవనం ఉంది. అందులో వెయ్యికి పైగా జింకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. కసుగా ఆలయ దేవతల దూతలని వాటిని గౌరవిస్తారు. వాటికోసం అమ్మే తవుడు బిస్కెట్లు చేతిలో కనిపిస్తే చాలు, తల వంచి మరీ అడుగుతాయి.

ఆ పక్కనే తోదాయిజి ఆలయం. అగ్నిప్రమాదాల తర్వాత 1709లో తిరిగి పూర్తిచేసిన కొయ్య మందిరంలో సుమారు 15 మీటర్ల కంచు బుద్ధుడు కొలువై ఉన్నాడు. 752లో ఈ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసింది భారతీయ భిక్షువు బోధిసేనుడు. జపాన్ వెళ్లే తెలుగువారు తప్పక దర్శించాల్సిన చోటు ఇది.