పాట వస్తది, యాక్టింగే రాదు అంటే ఎట్ల?

కమాన్‌పూర్ చెల్లె ఒకామె అడిగింది: "అన్నా, యక్షగానంల మంచిగనే పాడుత. యాక్టింగ్ అంటే కట్టెలెక్క నిలబడిపోత. సారు వంతపాటకు మారుస్తనంటున్నడు."

ధైర్యం తెచ్చుకో అని ఊకె చెప్పను, అట్ల చెప్తే రాదు. చిందు యక్షగానం చూడు చెల్లె. పాత్రధారే పాడతడు, వెనకున్నోళ్లు ఆ చరణం అందుకుంటరు, అప్పుడు ఆయన చిందేస్తడు. ఆ గ్యాప్‌ల నీకు శ్రుతి బెంగ లేదు. ముందు అక్కడ మాత్రమే నటించు. రెండడుగులు వెయ్యి, ఎదుటి పాత్ర కళ్లల్లకు చూడు. అది కుదిరినంకనే పాడుకుంట చెయ్యి.

ఫోన్ల చూసుకుంట నేర్చుకున్న పాటైతే చూపు అరచేతి కాడనే ఆగుతది. రిహార్సల్‌ల అది పక్కకు పెట్టు.

జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024ల పద్మశ్రీ ఈ కళకే వచ్చింది. ఆయన వీడియో మ్యూట్ చేసి చూడు, కోపం ఎవరిమీదనో తెలుస్తదా? నీది కూడా తీసి, అట్లనే మ్యూట్‌ల చూసుకో. తెలిసిన రోజు సారుకు చూపించు.