అద్దాల తొట్టి – విద్యుత్తు పద్దు



సాంస్కృతిక సంఘ వేదికపై సంగీత సాహిత్యములను విడిచి, చేపల తొట్టికగు విద్యుత్తు ఖర్చును గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఢిల్లీలోని మన కాలనీలలో అక్వేరియము గల ఇండ్లు నేడు అరుదు కాదు. పిల్లలకు ప్రాణికోటిపై ప్రేమ కలుగుటకును, కార్యాలయమునుండి అలసి వచ్చిన పెద్దల మనస్సు కుదుటపడుటకును అది మంచి సాధనము. కావున దాని పద్దును విచారించుట కూడ గృహజీవన సంస్కృతిలో ఒక భాగమేయని నా మనవి.

కార్యాలయములో ఏ ప్రతిపాదన వచ్చినను మనము రెండు ప్రశ్నలు వేయుదుము. ఒక్కసారి యగు వ్యయమెంత? ఏటేట యగు వ్యయమెంత? ఇంటికి తొట్టిని తెచ్చునపుడు మాత్రము మొదటి ప్రశ్నతోనే ఆగిపోవుదుము. అద్దమునకు, చేపలకు, రంగురాళ్లకు బేరమాడుదుము. గోడకున్న ప్లగ్గునుండి రాత్రింబవళ్లు సాగు వ్యయము మన దృష్టికి రాదు. పిదప బిల్లు చూచి ఉలికిపడి, చేతికందిన స్విచ్చిని కట్టివేయుదుము. ఆపదగినదేదో, ఆపరానిదేదో తెలియక చేయు అట్టి పొదుపునకు మూల్యము చెల్లించునవి నోరులేని చేపలు.

లెక్కకు ఒక సాధారణమైన తొట్టిని తీసికొందము. పొడవు రెండడుగులు, వెడల్పు ఒక అడుగు, లోతు ఒక అడుగు. ఇసుకను, పై వెలితిని మినహాయించినచో సుమారు 50 లీటర్ల నీరు పట్టును. వేయి వాట్ల పరికరము ఒక గంట నడచినచో ఒక యూనిట్టు. 6 వాట్ల ఫిల్టరు 24 గంటలును నడచినచో నెలకు 4.3 యూనిట్లు, 4 వాట్ల గాలి పంపునకు 2.9, 12 వాట్ల ఎల్.ఇ.డి. దీపము దినమునకు ఎనిమిది గంటలు వెలిగినచో మరి 2.9. ఈ మూడింటికిని కలిపి నెలకు పది యూనిట్లు. యూనిట్టు ఆరు రూపాయలనుకొన్నచో అరువది రూపాయలు. ఇది భారమైన పద్దు కాదు.

ఇక హీటరు. 50 వాట్ల హీటరు చలికాలములో దినమున సగము కాలము పనిచేసినదనుకొన్నను నెలకు 18 యూనిట్లు, అనగా 108 రూపాయలు. చప్పుడు చేయు పంపును, కంటికి కనిపించు దీపమును మనము నిందింతుము. అసలు ఖర్చు మూలలో నిశ్శబ్దముగా మునిగియున్న ఆ గాజు కడ్డీది. కాకినాడలోనో విశాఖపట్నములోనో చేపలను పెంచినవారికి ఈ అనుభవము తక్కువ. సముద్రతీరపు శీతకాలము మృదువైనది. హీటరు అవసరము అంతగా ఉండదు. అదే తొట్టి ఢిల్లీకి వచ్చినచో జనవరిలో దాని పద్దు దాదాపు మూడు రెట్లగును.

వేడి ఎట్లు పోవుచున్నదో తెలిసినచో పొదుపు మార్గమును తెలియును. 50 లీటర్ల నీటిని 10 డిగ్రీలు వేడిచేయుటకు సుమారు 0.6 యూనిట్టు చాలును. అది ఒక్కసారి యగు వ్యయము. ఆ వేడి అద్దముల గుండను, నీటి పైభాగము నుండియు నిరంతరము జారిపోవుటయే ఏటేట వ్యయము. ఒక లీటరు నీరు ఆవిరియై పోవునపుడు సుమారు 0.68 యూనిట్ల వేడిని వెంట తీసికొనిపోవును. అనగా, తొట్టి యంతటిని పది డిగ్రీలు వేడిచేయుటకు పట్టినదానికంటె ఎక్కువ! కావున మొట్టమొదటి పొదుపు, గాలి ఆడుటకు కొంత సందు విడిచి తొట్టిపై మూత వేయుట. రెండవది, వెనుకను ప్రక్కలను థర్మోకోలు పలకలు ఆనించుట. మూడవది, అవసరమునకు మించి వేడి పెట్టకుండుట. గది 16 డిగ్రీలున్నపుడు నీటిని 26కు బదులు 24 డిగ్రీలకు నిలిపినచో తేడా పదినుండి ఎనిమిదికి తగ్గును. వేడి నష్టము అయిదవ వంతు తగ్గును.

పెద్ద హీటరు పెట్టినచో బిల్లు పెరుగునను భయము చాలమందికి కలదు. థర్మోస్టాట్ సరిగా పనిచేయుచున్నంతవరకు అది నిరాధారము. పెద్దది తక్కువ సేపు, చిన్నది ఎక్కువ సేపు వెలుగును; పోయిన వేడిని పూరించుటకు పట్టు విద్యుత్తు దాదాపు ఒక్కటే.

దీపము విషయములో పొదుపును శుభ్రతయు ఒక్కటే మార్గమున నడచును. ఎనిమిది గంటలకు మించిన వెలుతురు అద్దములపై పాచిని పెంచును. ఒక చిన్న టైమరు అమర్చినచో రెండు చిక్కులును తీరును.

కాని ఫిల్టరును, గాలి పంపును రాత్రివేళ ఆపుట మాత్రము పొదుపు కాదు. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషమును నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు ఫిల్టరులోని స్పాంజిలో నివసించును. నీటి ప్రవాహము గంటల తరబడి ఆగినచో ప్రాణవాయువు లేక అవి నశించును. పైగా రాత్రివేళ తొట్టిలోని మొక్కలు ప్రాణవాయువును ఇయ్యవు, అవియు పీల్చుకొనును. మనము నిద్రించు వేళయే చేపలకు గాలి ఎక్కువ అవసరమైన వేళ. వేసవిలో ఈ అవసరము మరింత హెచ్చును. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే. ఆ రెండు పరికరములకును నెలకగు ఖర్చు ఏడు యూనిట్ల పైచిల్లర. అంతమాత్రమునకు ప్రాణములతో పరాచికములాడరాదు.

మరియొక సంగతి. విద్యుత్తు ధర అన్ని యూనిట్లకు ఒక్కటి కాదు. ఢిల్లీ ప్రభుత్వము 2019 ఆగష్టులో, నెలకు 200 యూనిట్ల లోపు వాడుకొను గృహములకు బిల్లు లేకుండునట్లును, 201 నుండి 400 వరకు వాడుకొనువారికి 800 రూపాయలకు మించకుండ సగము రాయితీ లభించునట్లును ఏర్పాటు చేసినది. అట్టి ఏర్పాటులో నెలకు 185 యూనిట్లు వాడు ఇంటిలో 28 యూనిట్ల తొట్టి చేరినచో వాడుక 213 అగును. గీత దాటినది పదమూడు యూనిట్లే యైనను, ఆ నెల వాడుక మొత్తముపై సగము బిల్లు చెల్లింపవలసి వచ్చును. మన తెలుగు రాష్ట్రములలోను వాడుక పెరిగినకొలది యూనిట్టు ధర పెరుగు శ్రేణులు కలవు. కావున తొట్టి ఖర్చును విడిగా కాక, ఇంటి మొత్తము వాడుకలో అది ఎక్కడ వచ్చి చేరుచున్నదో చూచి లెక్కింపవలెను.

అన్నిటికంటె మేలైన పొదుపు కొనకముందే చేయదగినది. అమెజాను నదీప్రాంతపు డిస్కస్ చేపకు 28 డిగ్రీలకు పైబడిన నీరు కావలెను. ఉత్తర భారతపు వాగులలో పుట్టిన జీబ్రా చేపయు, రోజీ బార్బును చల్లదనమును కొంత ఓర్చుకొనును. గోల్డుఫిష్‌కు హీటరే అక్కరలేదు. అయితే అది పెద్దదిగా పెరుగును గనుక విశాలమైన తొట్టి కావలెను. మన ఊరి శీతోష్ణములకు తగిన చేపను తెచ్చుకొన్నచో సగము సమస్య అంగడిలోనే తీరిపోవును.

శతపథ బ్రాహ్మణములోని మనువు కథ మీకు తెలిసినదే. చేతికి చిక్కిన చిన్న చేప తన్ను కాపాడుమని కోరగా, అతడు దానిని మొదట కుండలోను, పెరిగిన పిదప గుంటలోను, తుదకు సముద్రములోను ఉంచి రక్షించెను. చేపను చేపట్టినవాడు దాని అవసరమును బట్టి తన ఏర్పాటును మార్చుకొనవలెనను నీతి అందులో కలదు. మన తొట్టిలోని చేపకు వాగు లేదు, వాన లేదు, ఎండ లేదు. వాటి స్థానములో మన మీటరు తిరుగుచున్నది. కావున మూత వేయుడు, దీపము తగ్గింపుడు, తగిన చేపను ఎన్నుకొనుడు. ఊపిరి నిచ్చు పంపును మాత్రము ఆపకుడు.