ఉలి వేగమా, తరిమెన వేగమా?

వరాహనదీ తీరమున నున్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు పుట్టినిల్లు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అచ్చటి పనివారు అంకుడు కర్రను తరిమెనకు బిగించి, తిరుగుచున్న కర్రకు ఉలి నానించి బొమ్మను తీర్చుదురు. పిదప లక్కను తాకింపగా, రాపిడి వేడికే అది కరగి కర్రకు పట్టును. చేతితో త్రాడు లాగి త్రిప్పు తరిమెన యొకటి, విద్యుచ్ఛక్తితో తిరుగునది వేరొకటి. ఉలి యొకటే, కర్ర యొకటే, పనివాడును ఒకడే. అయినను పని ముగియు కాలము రెండింట సమానము కాదు. ఆ భేదమును ఉలికి అంటగట్టుట న్యాయమగునా?

కంప్యూటరు భాషలపట్ల ఇట్టి అన్యాయము తరచుగా జరుగుచున్నది. ఒక విద్యార్థి తన ప్రోగ్రామును విండోసుపై నడుపును. వాని మిత్రుడు దానినే లినక్సుపై నడుపును. కాలము భిన్నముగా వచ్చినంతనే భాషపై తీర్పు వెలువడును. ఇచ్చట భాష ఉలివంటిది. ఆపరేటింగ్ సిస్టము తరిమెనవంటిది. యంత్రపు మెమరీని, ఫైళ్లను, కాలమును ప్రోగ్రాములకు పంచిపెట్టునది అదియే.

1995లో వెలువడిన జావా, ఒకమారు వ్రాసినచో ఎల్ల యంత్రములపై నడచునను వాగ్దానముతో వచ్చినది. నడచుట వేరు, ఒకే వేగమున నడచుట వేరు.

భేదము ఎచ్చట పుట్టును? కేవలము కూడికలు, గుణకారములు చేయు ప్రోగ్రాము, యంత్రమును కంపైలరును ఒకటే యైనచో, రెండింటను ఇంచుమించు సమానముగనే నడచును. వేలకొలది చిన్న ఫైళ్లను తెరచి మూయు పనియైనచో విండోసుపై సాధారణముగా ఆలస్యమగును. తెరచిన ప్రతి ఫైలును వైరసు కాపలాదారు పరీక్షించుట అందుకొక కారణము. క్రొత్త ప్రోగ్రాములను మాటిమాటికి ప్రారంభించు పనియు లినక్సుపై తేలిక. మరియు సి భాషలో ‘లాంగ్’ అను సంఖ్య, 64 బిట్ల లినక్సులో 8 బైట్లు, 64 బిట్ల విండోసులో 4 బైట్లు మాత్రమే. వ్రాత యొకటియైనను జరుగు పని యొకటి కాదన్నమాట.

కొలతబద్దయు మోసగింపగలదు. విండోసు మామూలు గడియారము సెకనుకు 64 మారులు మాత్రమే ముందునకు జరుగును. అనగా ఒక్కొక్క అడుగు 15.6 మిల్లీసెకనులు. మూడు మిల్లీసెకనుల పనిని దానితో కొలిచినచో సున్నా యైనను రావచ్చును, పదునైదైనను రావచ్చును. సూక్ష్మమైన గడియారము వేరుగా కలదు, దానినే వాడవలెను.

కావున పోల్చువారికి మేము చెప్పదగినది ఇది. ఒకే యంత్రముపై రెండు సిస్టములను నిలిపి చూడుడు. భాష కూర్పు, వీలైనచో కంపైలరును ఒకటే యుండవలెను. పని కొన్ని సెకనులైనను సాగవలెను. పదిమారులు నడిపి, మొదటిదానిని విడిచి, తక్కినవానిలో నడిమి అంకెను గ్రహింపుడు. ఒక్కమారున ఒక్కదానినే మార్పుడు.

ఇది కేవలము పండితుల వాదము కాదు. ఇంట నున్నది ఒక్క కంప్యూటరే యైన కుటుంబమునకు, క్రొత్తది కొనుట యన నెలల ఆదాయము. పిల్లవాని ప్రోగ్రాము నెమ్మదించినదని యంత్రమును మార్చుటకు ముందు, వాడు నేర్చిన భాషను విడువుమనుటకు ముందు, ఆలస్యము ఎచ్చట పుట్టినదో ఒక సాయంత్రము కూర్చుండి కొలిచి చూచుట మేలు. ఆ కొలతకు ఖర్చు లేదు.